ఎఱ్ఱ ద్రాక్షమద్యము – దాని పరిపాకము



మా వింజమూరు నుండి నెల్లూరు పోవు దారి పొడుగునను, ఆ మాటకు వచ్చిన తెలుగుదేశమునందలి ఏ పట్టణపు వీథిలోనైనను, ‘వైన్స్’ అని వ్రాసిన పలకలు కానవచ్చుచుండును. ఆ దుకాణములలో బ్రాందీ కలదు, విస్కీ కలదు, రమ్ము కలదు, బీరు కలదు. పలకమీద వ్రాసిన వస్తువు మాత్రము పెక్కుచోట్ల అడిగినను దొరకదు. పేరొకటి, సరకొకటి. ముప్పదియైదేండ్లు పిల్లలకు శబ్దార్థములు చెప్పినవానికి ఈ సంగతి పంటిక్రింది రాయివలె తగులుచుండును. వైన్ అనగా ద్రాక్షపండ్ల రసము తనంత తాను పులిసి యేర్పడిన మద్యము. బట్టీలో కాచి ఆవిరి దింపినది కాదు. అందును ఫ్రాన్సుదేశపు బోర్డో సీమయందలి ఎఱ్ఱ మద్యమునకు లోకమున పెద్ద పేరు. దానిని ఏల ఏండ్ల తరబడి నిలువయుంచుదురు, ఆ నిలువలో దానికి కలుగు మార్పేమి, ఎట్లు వడ్డింతురు, ఎట్లు రుచిచూతురు అనునదే నేటి ప్రసంగవిషయము.

ఈ విషయము నెత్తుకొన్నందులకు మా ప్రాంతమువారు నన్ను నిలదీయవచ్చును. మా పొరుగున కలిగిరి మండలములోని దూబగుంటయందు 1992 ప్రాంతమున ఆడవారు సారా అంగడిని మూయించిరి. అక్షరాస్యతా కార్యక్రమమున చదువు నేర్చిన ఆ తల్లులు వాచకములోని పాఠమును చదివి, అది తమ యిండ్లలోని దుఃఖమునకు అద్దముగా నుండుట చూచి, కదలిరి. వర్ధినేని రోశమ్మగారి పేరు అప్పుడే లోకమునకు తెలిసెను. 1993 ఏప్రిలులో నెల్లూరు జిల్లాలోను, ఆ యేడే అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారా నిషిద్ధమాయెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలెను. అంతకు ముందు సర్కారువారే సారాను పొట్లములలో పోసి ‘వారుణి వాహిని’ అను పేరుతో పల్లెలకు పంపిన కాలమొకటి యుండెను. అమరకోశమునుండి పేరు తెచ్చి పాలితిన్ సంచికి తగిలించిరి! ఇట్టి చోట నివసించుచు మద్యమునుగూర్చి మాటాడువాడు దానిని పొగడుటకు మాటాడరాదు. నేను త్రాగువాడను గాను; ఎవరిని త్రాగుమని చెప్పబోను. కాని ఒక వస్తువును కాదనుటకైనను దానిని తెలిసికొనవలయునుగదా. సారాకు దీనికి భేదమెక్కడ నున్నది, భేదము లేనిదెక్కడ, ఈ రెండును తెలియదగినవే.

మన శాస్త్రములు ఈ వస్తువు నెఱుగనివి కావు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున సురాధ్యక్షుని ప్రకరణమునందు పలువిధములగు మద్యములను చెప్పి, ద్రాక్షరసముచేత అయినదానికి ‘మధు’వని పేరిడినాడు. అది పుట్టిన దేశమే దానికి వ్యాఖ్యానమని కూడ అనినాడు. కాపిశి యనుచోట పుట్టినది కాపిశాయనము, హారహూరమున పుట్టినది హారహూరకము. కాపిశి నేటి కాబూలునకు ఉత్తరముననున్న ప్రదేశము. ‘కాపిశాయన’ శబ్దమును సాధించుటకు పాణిని ఒక సూత్రమునే వ్రాసెను. పండుపేరు గాక ఊరిపేరు చెప్పి సరకును గుర్తించు ఈ పద్ధతియే నేడు ఫ్రెంచివారిది. బోర్డో సీసామీద ద్రాక్షజాతి పేరు తఱుచు కానరాదు. మెదోక్ అని, పోయాక్ అని ఊరిపేరు, సీమపేరు ఉండును. ఆ పేరును పొలిమేర వెలుపలివారు వాడరాదని 1935లో శాసనము చేసిరి. మనము నెల్లూరు మొలకొలుకులన్నను, ఉదయగిరి చెక్కగరిటెలన్నను చెప్పుకొనున దిట్టిదే. నేలకును వస్తువునకును గల సంబంధమును పేరులోనే దాచియుంచుట.

పడమటి మద్యము మన తీరమునకు రావడమును క్రొత్త కాదు. రెండువేల యేండ్లనాడు రోమకనావలు ఇటలీ మద్యమును బరుకచ్ఛమను ఓడరేవునకు తెచ్చుచుండెనని ఒక గ్రీకు నావికుని గ్రంథము చెప్పుచున్నది. పుదుచ్చేరి దాపుననున్న అరికమేడునందు 1945లో వీలర్ దొర త్రవ్వించినపుడు రెండు చెవులు గల మద్యభాండముల పెంకులు బయటపడెను. మా నెల్లూరు దగ్గఱ పదునెనిమిదవ శతాబ్ది చివర ఒక రైతు నాగలికి తగిలిన కుండలో ట్రాజను, హేడ్రియను చక్రవర్తుల బంగారునాణెములు దొరకెను. ఆ నాణెములు మద్యమున కిచ్చినవి కావు, మన సరకులకు వారిచ్చిన వెల. ఇంతకంటె ఆ కథను సాగదీయను.

ఇక తయారగు విధము. నల్ల ద్రాక్షను పిండి చూచిన, రసము ఇంచుమించు తెల్లగానే యుండును. ఎఱుపంతయు తొక్కలో నున్నది. కాబట్టి ఎఱ్ఱ మద్యమునకు రసమును తొక్కతో, గింజలతో సహా తొట్లలో పులియనిత్తురు. మెదోక్ సీమలో ముఖ్యమైనది కాబర్నే సొవిన్యో అను జాతి. చిన్న పండు, దళసరి తొక్క. దానితో మెర్లో అను మెత్తని జాతిని కలుపుదురు. పండ్లలోని తీపిని ఈస్టు అను సూక్ష్మజీవి తిని మద్యసారముగా మార్చును. కౌటిల్యుడు కిణ్వమని చెప్పినది ఈ పని చేయు పదార్థమే. లీటరునకు పదునేడు గ్రాముల చక్కెర హరించిన నూటికి ఒకపాలు మద్యసారమగును. అనగా లీటరు రసములో 230 గ్రాముల చక్కెర యున్నచో, అంతయు తీరునప్పటికి నూటికి పదుమూడున్నర పాళ్ళు. చక్కెర నిశ్శేషముగా పోవును. కావున ఈ మద్యమున తీపి లేదు. సినిమాలలో చూచి దీనిని ద్రాక్ష పానకమనుకొనువారు మొదటి గ్రుక్కకే మొగము చిట్లింతురు.

మూడు నాలుగు వారములు తొక్కతో నానిన పిమ్మట రసమును వడగట్టి ఓక్ చెక్కతో చేసిన పీపాలలో పోయుదురు. బోర్డో పీపా 225 లీటర్లు పట్టును, మూడువందల సీసాల లెక్క. అందు ఏడాదియో, ఏడాదిన్నరయో ఉండును. తుదిని కొందఱు పీపాకు అయిదాఱు గ్రుడ్ల తెల్లసొన గిలకొట్టి కలుపుదురు. ఆ తెల్లసొన మద్యములోని కఱకు వగరును పట్టుకొని ముద్దయై అడుగునకు దిగును. ఈ చిన్న క్రియను శ్రోతలు జ్ఞాపకముంచుకొనగోరెదను. మనము చెప్పుకొనబోవు రుచియంతయు దీనిమీదనే నిలిచియున్నది.

మనకు రసము లాఱు. అందు మధురము ఇక్కడ లేదంటిని. లవణము లేదనియే చెప్పవచ్చును. తిక్తము కొలదిగా నుండును. కటువు లేదు, ఉన్న వేడి మద్యసారముది. మిగిలినవి రెండు, ఆమ్లము, కషాయము. అనగా పులుపు, వగరు. ఈ రెంటిని మన తెలుగువారి నాలుకకు ఎవరును పరిచయము చేయనక్కఱలేదు. ద్రాక్షలోని పులుపునకు ప్రధానకారణము టార్టారికామ్లము. పండ్లలో ఈ ఆమ్లము మెండుగా నుండునవి మిక్కిలి తక్కువ; ద్రాక్ష యొకటి, మన చింతపండు ఒకటి. బోర్డో సీసాలోని పులుపు మన చారులోని పులుపే.

వగరు సంగతి ఇంతకంటె వింతయైనది. మా మెట్టభూములలో తంగేడు విరివిగా పెరుగును. దాని పట్టను తోళ్ళు పదును చేయుటకు వెనుకటినుండి వాడుదురు. కరక్కాయయు ఆ పనికి వచ్చును. పట్టలోని టానిన్ అను పదార్థము పచ్చితోలులోని మాంసకృత్తులను పట్టి బిగించి, కుళ్ళని చర్మముగా మార్చును. ద్రాక్షతొక్కలోను, గింజలోను ఉన్నది ఈ కుటుంబపు పదార్థమే. దానిని నోట పోసికొన్నపుడు అది మన లాలాజలములోని మాంసకృత్తులను పట్టుకొనును; నోటిలోని జిగి పోయి నాలుక గరుకెక్కును. పీపాలో తెల్లసొనకు జరిగినదే నోటిలో లాలాజలమునకు జరుగును. కనుక వగరు నిజమునకు రుచి కాదు, స్పర్శయే యని నేటి శాస్త్రజ్ఞులందురు. చరకుడు కషాయరసమునకు చెప్పిన లక్షణములును నాలుక మొద్దుబాఱుట, కంఠము పట్టినట్లగుట మొదలగునవి. అవి స్పర్శలక్షణములే గదా!

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాను. ఈ మద్యము పాతబడుట యననేమి?

పాతబడినదెల్ల మేలగుననుట లోకములో పెద్ద భ్రమ. శార్ఙ్గధరుడు తన సంహితయందు ఔషధములకు ఆయుఃప్రమాణములను చెప్పెను. చూర్ణము రెండు నెలలకే సత్తువ కోల్పోవును. మాత్రలు, లేహ్యములు ఏడాది దాటిన పనికిరావు. నేతులు, తైలములు గూడ కొంతకాలమునకు క్షీణించును. ఆసవములు, ధాతువులు, రసౌషధములు మాత్రము పాతబడినకొలది గుణవంతములగునని అతని మతము. వాగ్భటుడును క్రొత్త మద్యము గురువు, దోషకరము; జీర్ణించినది అందుకు మాఱైనది యని చెప్పెను. మనవారు తాఱుమాఱుగా వాడు ఒక సామెత కలదు. ఎవడైన చద్దికబుర్లు చెప్పిన ‘పాత చింతకాయ పచ్చడి’ యందుము. కాని జ్వరము తగ్గిన రోగికి పథ్యముగా పెట్టునది ఆ పచ్చడియే; రెండేండ్లు జాడీలో మాగి నల్లబడినదైన మఱి శ్రేష్ఠము. దానిని నిలిపినది దాని పులుపు, దాని ఉప్పు. నిలువ యుండుటకు ఏదో యొక ఆధారము కావలయును. పాలకు అది లేదు, ఒకపూటకే విఱుగును.

ఎఱ్ఱ మద్యమునకు ఆ ఆధారము వగరు, పులుపు. సీసాలో బిరడా బిగించిన తరువాత, లోనున్న స్వల్పమైన ప్రాణవాయువుతోను, బిరడాగుండ అతిసూక్ష్మముగా చొరబడు వాయువుతోను మెల్లగా మార్పులు జరుగును. టానిన్ కణములు ఒకదానితో నొకటియు, ఎఱుపురంగు కణములతోను ముడిపడి గొలుసులగును. కొన్ని గొలుసులు బరువై అడుగున మడ్డిగా చేరును. మిగిలినవాటికి లాలాజలమును కఱచు తీవ్రత తగ్గును. రంగు నేరేడుపండు వన్నెనుండి ఎఱ్ఱకెంపునకు, అందుండి కాల్చిన ఇటుక వన్నెకు దిగును. పండ్లవాసన తగ్గి వేఱువాసనలు పుట్టును. ఆదియందు వగరు లేని మద్యమున ఈ మార్పులు జరుగుటకు సరకు లేదు. అది పాతబడదు, చచ్చును. ప్రపంచమున తయారగు ద్రాక్షమద్యములో అధికభాగము ఒకటి రెండేండ్లలో ఖర్చుచేయుట కుద్దేశింపబడినదే. మామూలు బోర్డో నాలుగైదేండ్లకు మించి ఆగదు. మెదోక్‌లోని మేటి తోటలది మాత్రము పదియేండ్లకు విప్పారి, ఇరువది ముప్పదియేండ్లు నిలుచును. ఆ తోటలకు 1855లో మూడవ నెపోలియను కాలమున అయిదు తరగతులుగా పట్టీ వ్రాసిరి. నేటికిని అదియే చెల్లుచున్నది. అందు మెట్టుమీది కెక్కిన తోట యొక్కటే, అదియు 1973లో. మన పట్టాదారు పుస్తకములకైనను ఇంత స్థిరత్వము లేదు.

నిలువచేయు చోటు చల్లనిదై, చీకటిదై, కదలిక లేనిదై యుండవలయును. పండ్రెండు పదునాలుగు డిగ్రీల చలువ మేలు. సీసాను పరుండబెట్టుదురు, అట్లయిన బిరడా తడిగా నుండి ఎండి ముడుచుకొనదు. ఫ్రెంచివారికి ఈ చలువకై యంత్రము లక్కఱలేదు, నేలమాళిగ చాలును. ఏలన, నేలను కొన్ని గజముల లోతు త్రవ్విన అచ్చట వేసవియు లేదు, శీతకాలమును లేదు; ఆ సీమయొక్క సంవత్సరపు సగటు ఉష్ణమే ఎల్లప్పుడు నుండును. బోర్డో సగటు పదుమూడు పదునాలుగు డిగ్రీలు. మన సగటు ఇరువదియెనిమిది దాపున నుండును. కాబట్టి వింజమూరిలో ఎంత లోతున మాళిగ త్రవ్వినను అది ఇరువదియెనిమిది డిగ్రీల మాళిగయే. పైన మేనెలలో నలువదిరెండు నలువదిమూడు డిగ్రీల ఎండ సరేసరి. వేడిలో ఈ మార్పులు పరుగెత్తును. పది డిగ్రీలు పెరిగిన వేగము రెండింతలు మూడింతలగును. పరుగెత్తిన పరిపాకము పరిపాకము కాదు, ఉడుకుట. పండు మాగుటకును ఉడుకుటకును గల భేద మెట్టిదో ఇదియు నట్టిదే. సీసాలోని బిరడా పైకి పొడుచుకొని వచ్చినను, మెడచుట్టు కాఱిన మరక యున్నను, అది ఎండలో లారీమీద పడియున్న సరకని గుర్తింపవచ్చును. అట్టిదానికి వేలు పోయుట అవివేకము.

మన ఆసవముల త్రోవ వేఱు. ద్రాక్షాసవమునకు ద్రాక్షపండ్లు, బెల్లము, ధాతకీపుష్పములు మొదలగునవి కలిపి కుండ మూతికి శీలమన్ను వేసి, ధాన్యరాశిలో పూడ్చియుంచుట పూర్వాచారము. ధాన్యరాశి లోపల వెచ్చదనము ఒకేతీరున నుండును. నెలదినములలో పని ముగియును. వెచ్చని దేశమువారు వెచ్చదనమును, చల్లని దేశమువారు చల్లదనమును వినియోగించుకొనిరి. ధాతకీపుష్పములో వగరును ఉన్నది, పులియజేయు సూక్ష్మజీవులును ఉన్నవి. ఆ పూవు నేరుకొన్న పెద్దలకు సూక్ష్మదర్శిని లేదు. వారి పరిశీలనకు నమస్కరింపవలసినదే. ఆసవమును ఔషధముగా తులముల లెక్కను, భోజనానంతరమున, నీటితో కలిపి పుచ్చుకొందురు. అది లోటాలతో త్రాగునది కాదు.

పుదుచ్చేరియందు స్థిరపడిన నా పూర్వశిష్యుడొకడు ఫ్రాన్సులో కొన్నియేండ్లు పనిచేసి వచ్చినవాడు. నేనాతని యింట నున్న ఒకనాడు ఈ పరిపాకమును మాటలతో చెప్పుటకంటె చూపుటయే మేలని రెండు సీసాలు తెచ్చెను. రెండును మెదోక్ సీమవే. ఒకటి 2005వ యేటి పంట, రెండవది 2018 నాటిది. రెంటిని చల్లపెట్టెలో దాచియుంచినాడు. “నేను త్రాగనురా నాయనా” అంటిని. “త్రాగనక్కఱలేదు అయ్యవారూ, ఆ వృత్తిలోనివారును త్రాగరు, నోట నుంచుకొని ఉమిసివేయుదురు” అని ఒక పాత్ర నా ముందుంచెను. నిజమే. ప్రతియేట వసంతమున బోర్డోలో క్రొత్తపంటను పీపాలనుండి రుచిచూచుటకు వర్తకులు వత్తురు. దినమునకు ఏబదియో, నూఱో చూడవలయును. మ్రింగినచో పదియవదానికే మాట తడబడును. రుచి నాలుకది, ముక్కుది, మత్తు రక్తముది. రెంటిని వేఱుచేయవచ్చుననునది నాకు ఆనాడు తెలిసిన క్రొత్త సంగతి. సారా త్రాగువాడు నాలుకకు తగులకుండ గొంతులో పోసికొనుట మనమెల్లరము చూచినదే. దానిలో నాలుక కోరునదేదియు లేదు.

తెల్లగుడ్డమీద గ్లాసును వంచి పట్టెను. 2018 నాటిది అంచువఱకు నేరేడువన్నె. 2005 నాటిది నడుమ కెంపు, అంచున ఇటుకరంగు. పిమ్మట కదపక ఒకసారి, గిరగిర త్రిప్పి ఒకసారి వాసన చూడుమనెను. త్రిప్పిన గాలి తగిలి వాసనలు లేచును. చిన్నదానిలో నేరేడుపండు, క్రొత్తగా చిత్రికపట్టిన చెక్క. పెద్దదానిలో మొదట నాకు తోచినది మా కలిగిరి పొగాకు. బారనులో కాల్చి, పండుటాకును విప్పి, వేలమునకు దొంతులు పేర్చినపుడు వచ్చు తీపివాసన. ఆ మాట యనగానే శిష్యుడు నవ్వి, ఆ దేశపు పండితులును ముసలి మెదోక్‌కు పొగాకు, దేవదారు, పదునుతోలు వాసనలనే చెప్పుదురనెను. తోలు అని విన్నంతనే నాకు తంగేడుపట్ట జ్ఞప్తికి వచ్చెను. వాన వెలిసిన తోపులో తడిసిన ఆకుల వాసనయు కొంత యుండెను.

తరువాత చెంచాడంత నోటపోసికొని, పెదవులు సన్నముగా తెఱచి గాలి లోనికి పీల్చి, నాలుకంతట త్రిప్పి, ఉమియవలయును. చిన్నదానితో చిగుళ్ళు బిగిసెను, పచ్చి కరక్కాయ కొఱికినట్లాయెను. ఇది చెడ్డదా యని అడిగితిని. కాదట, ఈ వగరే దీని మూలధనమట, పదియేండ్లు వడ్డీకి తిరుగవలయునట. పెద్దదానిలో వగరు ఉన్నది గాని ముల్లు లేదు. పులుపు సన్నముగా దారమువలె సాగెను. ఉమిసిన తరువాత సెకనులు లెక్కపెట్టుమనెను. ఉసిరికాయ నమలి నీరు త్రాగినపుడు ఒక చల్లని తీపి ఊఱునే, అట్టిది చాలసేపు నిలిచెను. ఎంతసేపు నిలుచునో అదియే దాని విలువకు కొలతయట. ఇదివఱకు వగరును మన భాషలో ఒక్కమాటతో సరిపెట్టుచుంటిని. ముడివగరు, కమ్మవగరు అని రెండుగానైన చెప్పవలయునని ఆనాడు తోచెను.

వడ్డించు పద్ధతిలో మొదటిది మడ్డిని వేఱుచేయుట. పాత సీసాను ముందునాడే నిలువబెట్టుదురు; ప్రక్కకు చేరిన మడ్డి అడుగునకు దిగును. బిరడా తీసి, సీసామెడ వెనుక దీపమునుంచి, గాజుకూజాలోనికి మెల్లగా వంపుదురు. మడ్డి మెడయొద్దకు వచ్చుట దీపపు వెలుగున కనబడగానే ఆపివేయుదురు. మన వైద్యగ్రంథములలో ఈ విభాగమునకు పేళ్ళే యున్నవి. సురలో పైనున్న తేటకు ప్రసన్న యని, దానిక్రింది చిక్కనిదానికి కాదంబరి యని, అడుగుదానికి జగలమని, మఱింత ముద్దకు మేదకమని. కాదంబరి యనగానే బాణుని కావ్యము తప్ప మఱొకటి తోచని మాబోటివారికి ఇది చిన్న గర్వభంగము. పాతదానిని వంచినవెంటనే వడ్డింపవలయును, గాలికి దాని వాసన త్వరగా ఎగిరిపోవును. పడుచుదానిని గంటయో రెండుగంటలో కూజాలో ఉంచిన కొంత మెత్తబడును.

వేడిమినిగూర్చి మనదేశపు పెద్దహోటళ్ళలో సైతము ఒక పొరపాటు జరుగుచుండును. ఎఱ్ఱ మద్యమును గదివేడిమిలో నుంచి యిమ్మని పుస్తకములలో నున్నదని, గదిలో పెట్టిన సీసాను అట్లే తెత్తురు. ఆ మాట పుట్టినది పదునెనిమిది డిగ్రీలు దాటని ఫ్రెంచి రాతిగదులలో. మన గది ముప్పది డిగ్రీలు. ఆ వేడిలో మద్యసారము ఆవిరియై ముక్కును మండించును, మిగిలిన వాసనలు దానిచాటున పోవును. పదునాఱు పదునెనిమిది డిగ్రీలు దీనికి తగినవి. నీరును మంచుగడ్డలును కలిపిన పాత్రలో పావుగంట యుంచిన చాలును. మఱీ చల్లనిదైనచో వగరు రెట్టించి తోచును. గ్లాసు కడుపు వెడల్పై మూతి బిగువై యుండవలయును, మూడవవంతునకు మించి పోయరాదు. ఖాళీగానున్న రెండువంతులు వాసనకు.

తోడి భోజనము మాట. వేటమాంసమునకు ఈ వగరు అతుకును; మాంసములోని కొవ్వును మాంసకృత్తులును వగరును పట్టుకొని మెత్తపఱచును. మన కారమునకు మాత్రము ఇది శత్రువు. మిరపమంటను మద్యసారము ఎగద్రోయును, గోంగూర పులుపు ముందు దీని పులుపు నీరైపోవును. నెల్లూరు చేపలపులుసుతో అసలే పొసగదు. ఎఱ్ఱ మద్యములోని ఇనుము చేపనూనెతో కలిసి నీచువాసన పుట్టించునని 2009లో జపాను పరిశోధకులు నిరూపించిరి. మన పులుసునకు చల్లని మజ్జిగ యున్నది, చాలును.

ఇంతసేపు భేదములు చెప్పితిని. భేదము లేనిచోటును చెప్పి తీరవలయును. 750 మిల్లీలీటర్ల సీసాలో, నూటికి పదుమూడున్నర పాళ్ళ లెక్కను, ఇంచుమించు ఎనుబది గ్రాముల మద్యసారముండును. పావులీటరు విస్కీలో నుండునదియు అంతే. కాలేయమునకు షాతో తెలియదు, పంట సంవత్సరము తెలియదు. ఎఱ్ఱ మద్యము గుండెకు మేలనుమాట 1991లో అమెరికా టెలివిజనునుండి లోకమంతట ప్రాకెను. తరువాతి పరిశోధనలు ఆ ఆశను చాలవఱకు వమ్ముచేసినవి. మద్యపానము క్యాన్సరు కారకమని అంతర్జాతీయ పరిశోధనసంస్థ 1988లోనే నిర్ణయించెను. హానిలేని మోతాదనునది లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 జనవరిలో ప్రకటించెను. ఫ్రెంచివారే 1960 ప్రాంతమున తలకు ఏడాదికి నూఱు లీటర్లకు పైగా త్రాగుచుండి, నేడు అందు సగమునకు లోబడిరి. దూబగుంట తల్లులు ఈ లెక్కలు చదువలేదు. పొట్లములు వచ్చిన సాయంకాలము ఇంటిలో ఏమి మిగులునో వారికి తెలియును. పొట్లమునకు బదులు పొడుగుమెడ సీసా వచ్చినను వారి ప్రశ్న అదియే.

తెఱచిన సీసాలో మిగిలినది రెండు మూడు దినములకంటె నిలువదు. బిరడా మరల బిగించి చల్లపెట్టెలో నుంచిన నాలుగవదినము కూడ కొంత ఓర్చును. గాలిలోని వేఱొక సూక్ష్మజీవి చేరి మద్యసారమును పులుపుగా మార్చివేయును. ఫ్రెంచివారు దానిని పులిసిన మద్యమను అర్థమువచ్చు పేరుతోనే పిలుతురు, మనవారు శుక్తమనిరి. పుదుచ్చేరిలో ఆనాడు మిగిలిన 2018 నాటిదానిని నా శిష్యుని భార్య పాఱబోయక ఒక జాడీలో పోసి, మూతికి పలుచని గుడ్డకట్టి, వంటయింటి గట్టుమీద నుంచెను. రెండు నెలల తరువాత ఉల్లిపాయలు ఊరవేయుటకు అది మహాబాగుగా కుదిరెనని టెలిఫోనులో చెప్పినది.